మొదటి భాగం రాసిచ్చిన ప్రోనోటు

సీక్వెల్ ఆడుతున్న వారంలో విశాఖపట్నంలో ఎక్కడ చెవి పెట్టినా, జగదాంబ సెంటర్‌లో ఆట వదిలిన గుంపులోనైనా బీచ్ రోడ్డు మల్టీప్లెక్స్ మెట్ల మీదైనా, వాదన చివరికి ఒకే ప్రశ్న దగ్గరికి చేరుతుంది. మొదటి భాగంలో ఇచ్చిన మాట తీర్చారా, లేదా? ఫైట్లు, పాటలు, గ్రాఫిక్స్ అన్నీ ఆ తర్వాతే. రెండో భాగం బాగుందో లేదో చెప్పే ముందు ప్రేక్షకుడు మొదటి భాగం ఆఖరి పది నిమిషాలను తిరగేస్తాడు. పెద్ద సీక్వెళ్ల మీద అభిమానుల మెచ్చుకోళ్లను, కోపాలను పక్కపక్కన పెట్టి చూస్తే చాలావరకు ఈ లెక్కలోనే ఇముడుతున్నాయి.

అప్పు ఇచ్చిపుచ్చుకునే ఇళ్లలో ప్రోనోటు సంగతి అందరికీ తెలుసు. రాసిన తేదీ నుంచి మూడేళ్లు దాటితే దానికి కాలదోషం పడుతుంది. ఈలోపు కొంత కట్టి నోటు వెనక చెల్లు రాయిస్తే, ఆ తేదీ నుంచి మళ్లీ మూడేళ్ల ప్రాణం వస్తుంది. అది కుదరకపోతే నోటు తిరగరాసుకోవాలి. కథను సగంలో ఆపి 'మిగతాది తర్వాత' అన్న సినిమా కూడా ఇలాంటి నోటే రాసిస్తుంది. ఆపిన ప్రశ్న అసలు, ఎదురుచూపు వడ్డీ. ఏళ్లు గడిచేకొద్దీ అదే ప్రశ్నకు మరింత పెద్ద జవాబు ఇవ్వాల్సి వస్తుంది.

తేదీలు పక్కపక్కన పెడితే సంగతి తేటపడుతుంది. 'బాహుబలి' మొదటి భాగం 2015 జులై 10న, రెండోది 2017 ఏప్రిల్ 28న వచ్చాయి. మధ్యలో ఇరవై ఒక్క నెలల పైచిలుకు. కట్టప్ప ఎందుకు చంపాడన్న ప్రశ్న ఊరంతా నలిగింది గానీ పాతబడలేదు. పైగా ఆ ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పేందుకే రెండో భాగంలో సింహభాగం కేటాయించారు. అసలూ వడ్డీ కలిపి ముట్టింది. 'కేజీఎఫ్' 2018 డిసెంబర్ 21 నుంచి 2022 ఏప్రిల్ 14 దాకా మూడేళ్ల నాలుగు నెలలు తీసుకుంది. మధ్యలో కోవిడ్ వచ్చి థియేటర్లే మూతపడ్డాయి కాబట్టి ఆ ఆలస్యాన్ని ఎవరూ తప్పుపట్టలేదు. 'పుష్ప' మొదటిది 2021 డిసెంబర్ 17న, రెండోది 2024 డిసెంబర్ 5న. మూడేళ్లకు సరిగ్గా పన్నెండు రోజులు తక్కువ.

'పుష్ప 2' మీద అభిమానుల మాట రెండుగా చీలడానికి కారణం కూడా ఈ లెక్కలోనే దొరుకుతుంది. మొదటి భాగం రెండు నోట్లు రాసింది. ఒకటి పోలీసు అధికారి షెకావత్‌తో పగ, ఇంకొకటి పుట్టినింటివాళ్లు కాదన్న ఇంటిపేరు. రెండోది కడుపునిండా తీరింది. ఆ ఇంటిపేరు సన్నివేశం దగ్గర కళ్లు తుడుచుకున్నవాళ్లు సినిమా మొత్తాన్నీ క్షమించేశారు. పగ మాత్రం చివరి గంటలో వేరే దారి పట్టింది. ఆరంభంలో వచ్చే జపాన్ ఘట్టం దేనికన్నది థియేటర్‌లో తేలలేదు. 2025 జనవరి 17న ఇరవై నిమిషాలు కలిపి 'రీలోడెడ్' పేరుతో మళ్లీ వదలడం నోటు వెనక చెల్లు రాయడం లాంటిది. ఆఖర్లో మూడో భాగం పేరు వేయడమంటే నోటు తిరగరాయడమే. ఆంధ్రప్రదేశ్‌లో డిసెంబర్ 4 రాత్రి ప్రీమియర్ ఆటకు టికెట్ ధరను 800 రూపాయలు చేశారు. అంత పెట్టి చూసినవాడు 'మిగతాది మూడులో' అంటే పెదవి విరవడంలో న్యాయముంది.

'దేవర' మొదటి భాగం 2024 సెప్టెంబర్ 27న, కొడుకే తండ్రిని పొడిచాడని చూపించి ఆగింది. 'సలార్' 2023 డిసెంబర్ 22 నాటిది, 'కల్కి 2898 ఏడీ' 2024 జూన్ 27 నాటిది. ఈ మూడు నోట్లకూ తేదీలు నడుస్తున్నాయి. కల్కిది మరీ చిక్కు. రెండో భాగంలో దీపికా పదుకొణె ఉండరని నిర్మాణ సంస్థ 2025 సెప్టెంబర్‌లో ప్రకటించింది. మొదటి భాగంలో కథంతా ఆ పాత్ర కడుపులోని బిడ్డ చుట్టూ తిరిగినప్పుడు, తెలుగు ప్రేక్షకుడు మొహం మారడాన్ని చిన్న విషయంగా తీసుకోడు. పాత్ర పేరు నిలబడినంత మాత్రాన నోటు మీద సంతకం అదే అనిపించదు.

నోటు రాయకుండా వచ్చిన సీక్వెళ్ల దారి వేరు. 'కార్తికేయ' 2014లో వస్తే రెండోది 2022 ఆగస్టు 13న వచ్చింది. దాదాపు ఎనిమిదేళ్లైనా ఒక్కరూ ఆలస్యమని అనలేదు. మొదటిది తన కథను తానే ముగించుకుంది. మిగిలింది, రహస్యం కనబడితే వదలని డాక్టరు ఒక్కడే. 'మత్తు వదలరా', 'డీజే టిల్లు' సీక్వెళ్లు కూడా మనిషిని తీసుకొచ్చాయి గానీ బాకీ మోసుకురాలేదు. ఇలాంటి సినిమాల్లో తీర్చాల్సింది ఒక్కటే, మాట తీరు. టిల్లు నోరు విప్పగానే పాత టిల్లులా ఉండాలి, కథ ఏదైనా పరవాలేదు. ఇక్కడ జరిగే పొరపాటు, మనిషితోపాటు పాత కథ చట్రాన్ని కూడా ఎత్తుకురావడం. 'ఇస్మార్ట్ శంకర్'లో జ్ఞాపకాల మార్పిడి 2019లో కొత్త. 2024 ఆగస్టు 15న వచ్చిన 'డబుల్ ఇస్మార్ట్' అదే ఎత్తుగడను మళ్లీ వేసింది. అడగని అప్పు తీర్చినట్టయింది.

విశాఖ వాళ్లకు సొంతమనిపించేది పోలీసు కేసుల ఫ్రాంచైజీ 'హిట్'. 2022 డిసెంబర్ 2న వచ్చిన రెండో కేసు ఈ ఊళ్లోనే నడుస్తుంది. ఊరు తెలిసిన ప్రేక్షకుడు హంతకుడితోపాటు రోడ్లను కూడా వెతుకుతాడు. ఒక మలుపులో తిరిగిన బండి మరుక్షణం ఊరి అవతలి కొసన తేలితే పక్కసీటువాడికి చెప్పకుండా ఉండలేడు. ఈ వరుసలో రెండు, మూడు కేసుల ఆఖర్లో తర్వాతి హీరో కనిపిస్తాడు. అది పరిచయమే, కథకు బాకీ కాదు, అందుకే బరువనిపించదు. కానీ మొదటి కేసులో పోలీసు అధికారి విక్రమ్‌ను వెంటాడిన గతం మాత్రం తెరిచే ఉంది. ఆ సంగతి ఏమైందని అడిగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. మూడో కేసు 'ఎ' సర్టిఫికెట్‌తో 2025 మే 1న వచ్చింది. దీనికి పిల్లల్ని తీసుకెళ్లడం కుదరలేదు. 

ఫ్లాప్ అన్న మాట ఎక్కడ పుడుతుంది

అభిమానుల వాదనలో సగం గందరగోళం వ్యాపారం లెక్క తెలియక వచ్చేది. తెలుగు రాష్ట్రాల్లో సినిమాను నైజాం, సీడెడ్, ఉత్తరాంధ్ర, ఈస్ట్, వెస్ట్, గుంటూరు, కృష్ణా, నెల్లూరు అని ఎనిమిది ఏరియాలుగా అమ్ముతారు. ఉమ్మడి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ జిల్లాలు కలిసి ఉత్తరాంధ్ర. టికెట్ల మీద వచ్చిన మొత్తం గ్రాస్. అందులోంచి జీఎస్టీ (2025 సెప్టెంబర్ 22 నుంచి వంద రూపాయల దాకా 5 శాతం, ఆపైన 18 శాతం), థియేటర్ అద్దె, ఖర్చులు పోతే మిగిలేది షేర్. లెక్క కోసం అనుకుందాం. మొదటి భాగాన్ని ఏరియాలో ఆరు కోట్లకు కొంటే తొమ్మిది కోట్ల షేర్ వచ్చింది. అది చూసి రెండో భాగాన్ని పద్నాలుగు కోట్లకు కొన్నారు, పన్నెండు వచ్చింది. చూసినవాళ్లు పెరిగారు, అయినా బయ్యర్‌కు రెండు కోట్ల నష్టం. ఫ్లాప్ అన్న మాట అక్కడి నుంచి బయల్దేరి, సినిమా నచ్చినవాడి నోట్లోకి కూడా వచ్చేస్తుంది. సీక్వెల్ బాగోగుల్ని షేర్‌తో కొలవడం దండగ. అది మొదటి భాగం మీద ఉన్న ఆశను ఎంతకు అమ్మారో చెబుతుంది తప్ప రెండో భాగం ఎలా ఉందో చెప్పదు.

తెలిసిన కథ, కొత్త బొమ్మ

2025 జులై 25న విడుదలైన 'మహావతార్ నరసింహ' ఈ నోటు లెక్కకు ఎదురు నిలిచిన సినిమా. యానిమేషన్, పెద్ద హీరో లేడు, మొదటి రోజు హడావుడీ లేదు. కథ ముగింపు ఐదేళ్ల పిల్లాడికి కూడా తెలుసు. అయినా ప్రపంచమంతా కలిపి వసూళ్లు మూడు వందల కోట్లు దాటాయి. విశాఖలో దాని బలం అర్థం కావాలంటే కొండ వైపు చూడాలి. ప్రహ్లాదుణ్ని తోసింది ఈ కొండ మీద నుంచేనని, స్వామి వచ్చి పట్టుకున్నాడని సింహాచలం స్థల పురాణం. అక్కడ వెలసినవాడు వరాహ నరసింహుడు. సినిమాలో వరాహం, నరసింహుడు ఇద్దరూ వస్తారు. ఏడాది పొడుగునా చందనం కింద ఉండి వైశాఖ శుద్ధ తదియ నాడు మాత్రమే నిజరూపం చూపే దేవుడాయన. అప్పన్న, సింహాద్రి, అప్పలరాజు అన్న పేర్లు లేని వీధి ఇక్కడ దొరకదు. ఆ ఏడాది ఆషాఢ పౌర్ణమికి ముప్పై రెండు కిలోమీటర్ల గిరి ప్రదక్షిణ నడిచిన కాళ్ల నొప్పి తగ్గిన రెండు వారాలకు, శ్రావణ మాసం మొదటి రోజున ఈ సినిమా వచ్చింది.

తెలిసిన కథలో 'ఏమవుతుంది' అన్న బాకీ ఉండదు, 'ఎలా అవుతుంది' అన్నది మాత్రం ఉంటుంది. తెలుగువాడికి ఆ 'ఎలా'కు కొలబద్దలు ముందే ఉన్నాయి. తొలి తెలుగు టాకీ 1932 నాటి 'భక్త ప్రహ్లాద'. 1967లో ఏవీఎం తీసిన దాంట్లో ఎస్వీ రంగారావు హిరణ్యకశిపుడు. కొడుకు మీద ప్రేమ, హరి మీద ద్వేషం ఒకే కనుబొమ్మలో చూపిన ఆ మొహం తాతల నుంచి మనవళ్ల దాకా గుర్తుంది. అందుకే ఇక్కడ ఎక్కువగా వినిపించిన ఫిర్యాదు మొహాల గురించే. శరీరాలు గొప్పగా ఉన్నాయి గానీ కళ్లు ఖాళీగా ఉన్నాయి అని.

దీనికి సాంకేతిక కారణం ఉంది. కంప్యూటర్ యానిమేషన్‌లో డబ్బు, రోజులు చాలనప్పుడు ముందు దెబ్బతినేది ముఖమే. కోపం చూపాలంటే కనుబొమ్మ ఒక్కటి వంచితే చాలదు. కింది రెప్ప బిగియాలి, కంటి తడి మీద వెలుగు కదలాలి, చెంప పెదవిని లాగాలి. ఇవన్నీ విడివిడి మీటలు, ఒక్కోదాన్ని మనిషి కూర్చుని కదపాలి. రెప్పపాటు ఆలస్యమైతే బొమ్మ బొమ్మలాగే మిగులుతుంది. రెండో చోటు పాదం. బరువు నేలకు తగలకుండా అడుగు కొద్దిగా జారితే అంత పెద్ద రాక్షసుడూ గాలి బొమ్మలా తోస్తాడు. మొదటి సగంలో ఈ లోపాలు కనబడినవాళ్లకు చివరి అరగంటలో కనబడకపోవడం భక్తి వల్ల మాత్రమే కాదు. సింహం ముఖానికి మనిషి ముఖంతో పోలిక అక్కర్లేదు. జూలు, పంజా, గర్జన మీద పెట్టిన శ్రమ నేరుగా ఫలిస్తుంది.

ఈ సినిమాను 3డిలో చూసినవాళ్లు, 2డిలో చూసినవాళ్లు వేరువేరుగా మాట్లాడడానికీ కారణముంది. తెర వెలుగును ఫుట్‌లాంబర్ట్‌లలో కొలుస్తారు, 2డి తెరకు ప్రమాణం 14. 3డిలో కళ్లద్దాల వెనక అది నాలుగున్నర దగ్గరికి పడిపోతుంది. దీపం పాతబడితే ఇంకా తక్కువ. వరం ప్రకారం హిరణ్యకశిపుడు పగలూ చావకూడదు, రాత్రీ చావకూడదు. అంటే ఆఖరి ఘట్టమంతా సంధ్య చీకట్లోనే జరగాలి. మసక వెలుగులో గీసిన బొమ్మకు మూడింట రెండు వంతుల వెలుగు తీసేస్తే మిగిలేది నల్ల మరకలే. చీకటి ఎక్కువున్న యానిమేషన్‌కు 2డి టికెట్టే మేలు. 3డియే కావాలంటే నడిమి వరుసల్లో మధ్య సీట్లు తీసుకుని, కూర్చునే ముందు కళ్లద్దాలు మెత్తటి గుడ్డతో తుడుచుకోవాలి.

ఈ వరుసలో 'పరశురామ్' 2027కు, ఆపైన రెండేళ్లకొకటి చొప్పున 2037 దాకా, నరసింహతో కలిపి మొత్తం ఏడు సినిమాలు ప్రకటించారు. ఆఖర్లో రెండు భాగాలుగా వచ్చే కల్కి తప్ప దేనికీ సగంలో ఆపాల్సిన అవసరం లేదు, కథలు ఎవరికి వారివే. దాదాపు బాకీ లేని వరుస ఇది. మొహాలు బాగుపడితే చాలు.

డబ్బింగ్ తెలుగు ఎందుకు ఎబ్బెట్టుగా ఉంటుంది

2025 సెప్టెంబర్ 12న జపాన్ యానిమేషన్ సినిమా 'డీమన్ స్లేయర్: ఇన్ఫినిటీ క్యాజిల్' తెలుగులో కూడా థియేటర్లకు వచ్చింది. రెండు గంటల ముప్పై ఐదు నిమిషాలు, మూడు సినిమాల్లో మొదటిది. జపనీస్‌లోనే చూడాలనే పట్టు ఉన్నవాళ్లు, తమ్ముడికీ చెల్లికీ అర్థం కావాలని తెలుగు ఆటకు వెళ్లినవాళ్లు వాదించుకునే సినిమా ఇది. ఆ వాదనలో తరచూ జారిపోయే విషయం ఒకటుంది. తెలుగుకు ఇంగ్లిష్ కంటే జపనీస్ దగ్గర.

తెలుగు అజంత భాష, మాట చివర అచ్చు పలుకుతుంది. జపనీస్‌లో కూడా మాటలు ఎక్కువగా అచ్చుతోనే ముగుస్తాయి. రెండింటిలోనూ క్రియ చివర్లో వస్తుంది. 'ఐ విల్ నెవర్ ఫర్‌గివ్ యూ' అన్న వాక్యంలో బలమంతా మధ్యలోని 'నెవర్' మీద. బొమ్మ పిడికిలి అక్కడే బిగిస్తుంది. తెలుగులో 'నిన్ను ఎప్పటికీ క్షమించను' అంటే కాదనే బలం ఆఖరి మాట కొసలో ఉంది. పిడికిలి ముందు బిగిసి, కోపం తర్వాత వినబడుతుంది. పైగా అక్కడ ఏడు అక్షరాల పలుకు, ఇక్కడ పది. ఆ ఇరుకులో ఇమడ్చడానికి నటుడు పరుగెత్తుతాడు, లేదా రచయిత 'క్షమించను నిన్ను... ఎప్పటికీ' అని తిరగేస్తాడు. ఒకటి రెండు చోట్ల అది బాగుంటుంది. ప్రతి వాక్యం తలకిందులైతే డబ్బింగ్ తెలుగు అని ఇట్టే తెలిసిపోతుంది. జపనీస్‌లో అదే మాట 'జెత్తాయ్ యురుసనాయ్'. కాదనడం అక్కడా చివరే. 'ఎప్పటికీ క్షమించను' దాని మీద అతికినట్టు కూర్చుంటుంది. ఇంగ్లిష్ స్క్రిప్టు మీదుగా తర్జుమా చేస్తే ఈ చుట్టరికమంతా దారిలోనే పోతుంది.

పెదవుల సంగతి వేరే. చేతితో గీసే జపాన్ యానిమేషన్‌లో నోటికి సాధారణంగా మూడు ఆకారాలే ఉంటాయి, మూసినది, సగం తెరిచినది, పూర్తిగా తెరిచినది. ఏ భాష పెట్టినా పెద్దగా తేడా రాదు. హాలీవుడ్ కంప్యూటర్ బొమ్మల్లో ఒక్కో ధ్వనికి ఒక్కో పెదవి ఆకారం చేస్తారు కాబట్టి ప, బ, మ లాంటి పెదవులు కలిసే అక్షరాలు క్లోజప్‌లో తప్పితే వెంటనే కనబడుతుంది. అక్కడ రచయిత అర్థానికి ముందు ఆ అక్షరాల చోట్లను గుర్తుపెట్టుకోవాలి.

ఇక గౌరవం. ఇంగ్లిష్ 'యూ' ఒక్కటే. తెలుగులో ప్రతి జంటకూ నువ్వా, మీరా అని తేల్చాలి. జపనీస్ 'సాన్'కు మన 'గారు' ఉంది, అయితే యుద్ధం మధ్యలో తోటి యోధుణ్ని 'గియూ గారూ' అంటే పిలుపు బరువెక్కుతుంది. పేరు పెట్టి పిలిచి, క్రియలో 'రండి', 'ఆగండి' అని గౌరవం ఉంచితే సాఫీగా సాగుతుంది. ఉత్తరాంధ్ర ప్రేక్షకుడికి ఇంకో బాధ ఉంది, అది న్యాయమైన బాధ. డబ్బింగ్‌లో హీరోకు పుస్తకాల భాష, పక్కన నవ్వించే జంతువుకో దొంగకో 'ఏటి', 'ఎల్తన్నావా' యాస. శ్రీకాకుళం, విజయనగరం మాట వినబడగానే నవ్వాలన్న అలవాటును పిల్లల సినిమాలే నేర్పుతున్నాయి. ఆ యాసలో తల్లి లాలిపాట పాడుతుంది, తండ్రి మందలిస్తాడు. ధీరుడు కూడా మాట్లాడవచ్చు.

కొత్తగా ఈ వరుసలోకి వచ్చేవాళ్లు సినిమా అర్థం కాలేదనడం మామూలే. పూర్తి దారి అంటే మొదటి సీజన్ 26 ఎపిసోడ్లు, 'ముగెన్ ట్రైన్' సినిమా, ఆపైన 11, 11, 8 ఎపిసోడ్లు. రోజు మొత్తం కూర్చున్నా ఒక్క రోజులో తేలదు. అంత తీరిక లేకపోతే కనీసం 'ముగెన్ ట్రైన్', హషిరా (రాక్షసులను వేటాడే మేటి యోధులు) శిక్షణ సీజన్ చివరి ఎపిసోడ్ చూడాలి. కొత్త సినిమాలో ప్రధాన శత్రువు అకాజాను పరిచయం చేసేది మొదటిది, కోటలోకి పడిపోయే ఘట్టం రెండోది. ఆ రెండూ లేకుండా వెళ్తే, పోరాటం మధ్యలో అకాజా గతం సుదీర్ఘంగా వచ్చినప్పుడు కథ ఆగిపోయినట్టు అనిపిస్తుంది. తెలిసినవాళ్లకు ఆ భాగమే సినిమాకు గుండె.

స్పైడర్‌మ్యాన్ యానిమేషన్ వరుస 'స్పైడర్‌వర్స్' రెండో సినిమా 2023లో ఇక్కడ ఇంగ్లిష్, తెలుగు సహా పది భాషల్లో వచ్చింది. పేరులో ఎక్కడా మొదటి భాగమని లేదు, చివర మాత్రం నడిమధ్యలో ఆగింది. మూడోది ముందు 2024 మార్చి అన్నారు, ఇప్పుడు 2027 జూన్. అప్పుడు ఆరో తరగతిలో ఉన్న పిల్లాడు జవాబు వచ్చేసరికి పదో తరగతికి వచ్చేస్తాడు. ఆపే సినిమా ఆపుతానని పోస్టర్ మీద రాయడం కనీస మర్యాద. ఆ విషయంలో సలార్, దేవర పేరులోనే 'పార్ట్ 1' అని చెప్పి మర్యాద పాటించాయి.

తీరిన నోటును మళ్లీ తెరిస్తే ఏమవుతుందన్నది ఇంకా తేలాల్సిన ప్రశ్న. 2025 అక్టోబర్ 31న రెండు బాహుబలులను కలిపి మూడు ముప్పావు గంటల 'ది ఎపిక్'గా విడుదల చేశారు. ప్రశ్న, జవాబు ఒకే కూర్చున్న చోట. దానికోసం అవంతిక ప్రేమకథను, 'పచ్చబొట్టేసిన', 'మనోహరి', 'కన్నా నిదురించరా' పాటలను తీసేశారు. ఆ పాటలతో కాలేజీ రోజులు గడిపినవాళ్లకు అది లోటే, కథ మాత్రం బిగిసింది. ఆ వెంటే 'బాహుబలి: ది ఎటర్నల్ వార్' అన్న యానిమేషన్ సినిమా టీజర్ వచ్చింది. దర్శకుడు ఇషాన్ శుక్లా. చనిపోయిన బాహుబలి ఆత్మ వేరే లోకాలకు వెళ్లడంతో మొదలవుతుంది. అభిమానుల్లో ఒక వర్గం బొమ్మల నాణ్యత చూసి పొంగిపోయింది. ఇంకో వర్గం, ముగిసిన మరణాన్ని మళ్లీ కదపడమెందుకని అడుగుతోంది. కట్టప్ప కత్తి దిగిన క్షణానికి బరువు ఇచ్చింది ఆ చావు తిరిగి రానిది కావడమే. ఆత్మ ప్రయాణం ఆ కత్తిని తేలిక చేయకుండా నడవాలి. టీజర్‌లో యుద్ధాలు కనబడ్డాయి. తల్లి శివగామి, దేవసేన, కొడుకు ఈ కథలో ఎక్కడ నిలబడతారన్నది ఇంకా కనబడలేదు.